పదిహేడో రికార్డింగ్

పాప ఏడిస్తే మాకు వినిపించాలని గదిలో పెట్టిన మానిటర్‌కి ఒక సన్నని హోరు ఉంది. పాప కదలనప్పుడు, హీటర్ కూడా కాసేపు ఆగినప్పుడు మాత్రమే అది వినిపిస్తుంది. మనుషులు మాట్లాడని గది చేసే చప్పుడు అది. పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని దాన్ని వింటుంటే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది, వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్తాయి. ఇప్పుడెవరో గొంతు సవరించుకుని మాట్లాడడం మొదలుపెడతారని ఒళ్ళంతా కాచుకుని ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట, డెట్రాయిట్‌లో ఎంఎస్ చదువుకునే రోజుల్లో, వారానికి ఇరవై గంటలు నా చెవుల్లో ఉన్నది ఈ చప్పుడే.

దాన్ని వినడం నేర్పిన మనిషి కిందటి నెలలో పోయారు. ఆవిడని ఇక్కడ డాక్టర్ రోలిన్స్ అంటాను. అది ఆవిడ పేరు కాదు. మనుషుల పేర్లు మార్చి రాయడం ఆవిడ దగ్గర నేర్చుకున్న పనే. కానీ ఆ పని నాకు పూర్తిగా ఒంటబట్టకముందే, ఒక తల్లి ఆవిడని నమ్మి చెప్పిన మాటల్ని నేను నలుగురిలో పెట్టేశాను. ఆ తల్లికి ఏమవుతుందో, ఆమె నమ్మకాన్ని మళ్ళీ ఎలా తెచ్చివ్వాలో అన్న దిగులుతో అప్పుడు కొన్ని వారాలు నాకు అన్నం సయించలేదు. డాక్టర్ రోలిన్స్ గురించి రాయాలంటే ఆ సంగతే రాయాలి. మిగతావన్నీ సంతాప సభలో ఆవిడ సహోద్యోగులు చెప్పేశారు. పాప చిన్నది కాబట్టి నేను వెళ్ళలేదు, ఫోన్లో చూశాను.

ఆవిడ సోషియాలజీ ప్రొఫెసర్. నల్లజాతి మనిషి, అప్పటికి అరవై దాటాయి. పోలీసుల చేతిలో ఎవరైనా దెబ్బలు తిన్నాకో, ప్రాణం పోగొట్టుకున్నాకో ఆ పేటలో ఏం జరుగుతుందన్నది ఆవిడ పరిశోధన. ఎవరు ముందు వీధిలోకి వస్తారు, ఎవరు తలుపేసుకుంటారు, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు. పేపర్లలో మండుతున్న వీధి ఫొటోలు వస్తాయి కదా, ఆ ఫొటోకి ముందు గడిచిన మూడు వారాలు కావాలి నాకు, అనేవారు. ఆవిడ లెక్కలో నిరసన ఊరేగింపు వంటిళ్ళలో మొదలవుతుంది. ఒక తల్లి ఇంకో తల్లికి ఫోన్ చేసి, మీవాడు ఇంటికొచ్చాడా అని అడిగే దగ్గర. అలాంటి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, గంటలకొద్దీ మాట్లాడించి, రికార్డు చేసుకుని వచ్చేవారు. వాటిని విని టైపు చేయడానికి ఒక స్టూడెంట్ కావాలి. నాకు క్యాంపస్‌లో ఉద్యోగం కావాలి. ఇంటర్వ్యూకి వెళ్తే నా రెజ్యూమే ఒకసారి చూసి పక్కన పెట్టారు. "టైపింగ్ స్పీడ్ ఎంతో రాశావు. ఎంతసేపు ఊరుకోగలవో రాయలేదు" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక తల ఊపాను.

మొదటి వారం అలవాటుకొద్దీ మేడమ్ అని పిలుస్తుంటే చేత్తో ఆపారు. కారు పక్కకి ఆపించి, కిటికీలోంచి వంగి చూస్తూ పోలీసులు తనని పిలిచే పిలుపు అదేనట. "వాళ్ళ గొంతులో చాలా మర్యాదగా ఉంటుంది. నీకు ఇంకో పిలుపు దొరుకుతుందేమో చూడు" అన్నారు. ఆ రోజు నుంచి డాక్టర్ రోలిన్స్ అన్నాను. కానీ మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం మా మేడమ్ అనే అనేదాన్ని.

ఆవిడ పని పద్ధతులు కొన్ని నాకు చాదస్తంగా అనిపించేవి. ప్రతి రికార్డింగ్ మొదట్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఉత్త గది. అవతలి మనిషి ఆ నిమిషంలో కుర్చీలో సర్దుకుంటారు, ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చు కూడా. తర్వాత మొదటి ప్రశ్న పోలీసుల గురించి ఉండదు. ఆ రోజు పొద్దున ఏం తిన్నారు అని ఉంటుంది. మధ్యలో మాట ఆగిపోతే ఎన్ని సెకన్లు ఆగిందో నేను రాయాలి. నా సాఫ్ట్‌వేర్ బుర్రకి ఇది వృథా అనిపించింది. ఖాళీలన్నీ కత్తిరించే ప్రోగ్రామ్ ఒకటి ఉందని, దాంతో మూడు గంటల పని గంటన్నరలో అయిపోతుందని ఒకరోజు గర్వంగా చేసి చూపించాను. ఆవిడ ముందు నా వెర్షన్ విన్నారు, తర్వాత అసలుది విన్నారు. ఒక నాన్న తన కొడుకు ఆస్పత్రి గది నంబరు చెప్పే చోటు అది. అసలుదాంట్లో నంబరు చెప్పేముందు పంతొమ్మిది సెకన్లు ఉన్నాయి. "నీ దాంట్లో ఆయన నంబరు ఇట్టే చెప్పేశాడు. అసలుదాంట్లో చెప్పలేకపోయాడు. నీకు ఏది నిజంగా కనిపిస్తోంది?" అన్నారు. ఆ ప్రోగ్రామ్ మళ్ళీ తెరవలేదు.

ఆ ఏడాది వేసవిలో డౌన్‌టౌన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. స్టూడెంట్లందరూ వెళ్తుంటే నేనూ వస్తానన్నాను, లోపల మాత్రం భయమే. నాది ఎఫ్-1, స్టూడెంట్ వీసా. ఏదైనా జరిగి పేరు ఎక్కడైనా నమోదైతే చదువు, మళ్ళీ వీసా స్టాంపింగ్, అన్నీ గాల్లో కలుస్తాయి. ఆవిడే వద్దన్నారు. నా కాగితాల సంగతి తనకి తెలుసని, ధైర్యం ఉందని ఎవరికీ రుజువు చేయక్కర్లేదని చెప్పి, నన్ను ఆఫీసు ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. వెళ్ళేవాళ్ళు ముంజేతి మీద మార్కర్‌తో రెండు నంబర్లు రాసుకున్నారు. ఒకటి లాయరుది, రెండోది నేను కూర్చున్న ఫోన్‌ది. ఇంటికి చేరగానే ప్రతి ఒక్కరూ నాకు ఫోన్ చేయాలి. ముప్పై ఒక్కమంది. ఇరవై ఆరుగురు చేశారు, ఆ తర్వాత గంటసేపు ఫోన్ మోగలేదు. డాక్టర్ రోలిన్స్ వెనక్కి వచ్చి, బూట్లు విప్పి, నా ఎదుట నేల మీద కూర్చున్నారు. టీవీ పెట్టనివ్వలేదు. టీవీ చెప్పేది వీధి సంగతి, మనకి కావలసింది ఐదుగురు పిల్లల సంగతి అన్నారు. ఆఖరివాడు దారిలో పిజ్జా తినడానికి ఆగాడట. ఆవిడ ఫోన్ తీసుకుని వాణ్ణి తిట్టిన తిట్లు నేను ఏ ట్రాన్స్‌క్రిప్టులోనూ రాయలేదు.

పదిహేడో రికార్డింగ్ శీతాకాలంలో వచ్చింది. గంటా నలభై నిమిషాలు. ఒక తల్లి తన కొడుకు గురించి చెప్పింది. ఇంతకుమించి దాని గురించి ఇక్కడ రాయను. అది వింటూ నేనెక్కవలసిన బస్సు వదిలేశానని, ఆ వారం ఏ పనీ లేకుండా కాకినాడకి మూడుసార్లు ఫోన్ చేస్తే అమ్మ కంగారుపడి ఒంట్లో ఎలా ఉందని అడిగిందని మాత్రం చెప్పగలను. అంతకుముందు పదహారు విన్నాను. ఇలాంటిది వినలేదు. డాక్టర్ రోలిన్స్ రాస్తున్న పుస్తకంలో మధ్య అధ్యాయం మొత్తం దాని మీదే నిలబెట్టారు. ఇరవై ఏళ్ళుగా తను చెప్పాలనుకుంటున్నది ఆ తల్లి గంటన్నరలో చెప్పేసిందని ఒకరోజు నాతో అన్నారు.

రెండు వారాల తర్వాత ఊరి శివార్లలో ఉన్న నోవైలో పద్మజక్క వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చే విందు. అక్క మాకు దూరపు బంధువు. నన్ను శనివారాలు కారేసుకుని వచ్చి తీసుకెళ్ళేది. బేస్‌మెంట్‌లో అల్యూమినియం ట్రేలలో పులిహోర, బిర్యానీ, ఒక మూల పిల్లల గోల, ఇంకో మూల గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ల చర్చ. నేనేం చేస్తున్నానని ఎవరో అడిగితే చెప్పాను. "ఎంఎస్‌కని వచ్చి టైపిస్టువయ్యావా?" అని అక్క భర్త శ్రీనివాస్ బావగారు నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మాట డెట్రాయిట్ మీదికి మళ్ళింది. ఆ పేటలకి వెళ్ళొద్దని ఒకరు, సాయంత్రం ఐదు దాటాక అసలే వద్దని ఇంకొకరు. చివరికి బావగారు ప్లేటులో పెరుగన్నం కలుపుకుంటూ, చాలా మామూలుగా అన్నారు. "ఊరికే ఎందుకు ఆపుతారమ్మా పోలీసులు? వాళ్ళేదో చేసే ఉంటారు. మనల్ని ఎవరైనా ఆపుతున్నారా?"

 పదిహేడు రికార్డింగులు నా గొంతు దాకా వచ్చాయి. వాళ్ళని నమ్మించాలి, ఇప్పుడే, ఇక్కడే నమ్మించాలి అనిపించింది. చెప్పేశాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోతే చాలనుకున్నాను. ఆ తల్లి ఎలాంటి పని చేస్తుందో, ఏ వైపు ఉంటుందో, కొడుకు వయసెంతో, ఆ రోజు ఏం జరిగిందో, కొడుకుకి ఆమె ఏం చెప్పేదో, అన్నీ చెప్పాను. బాగా చెప్పానని కూడా ఒప్పుకోవాలి. సరైన చోట ఆగాను. పెరుగన్నం అలాగే ఉండిపోయింది. ఒక ఆంటీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తిరిగి వెళ్తుంటే కారులో పద్మజక్క నా చేయి నొక్కి, బావగారి నోరు మూయించావే అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పటికీ నన్ను అన్నిటికన్నా సిగ్గుపడేలా చేసేది ఆ నిద్ర.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం బావగారు ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం. "శైలూ, నువ్వు చెప్పినావిడ మా ఆఫీసు బిల్డింగ్‌లోనే పనిచేస్తుంది తెలుసా? వివరాలన్నీ కలుస్తుంటే డౌటొచ్చి అడిగాను. ఆవిడే. నేనే వెళ్ళి, మీ అబ్బాయి సంగతి విన్నానండీ, వెరీ సారీ అని చెప్పాను. మీ అక్క ఒక స్వీట్ బాక్స్ కూడా పంపింది."  ఇంకెవరితోనూ అనొద్దని బతిమాలాను. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "నేనేం తప్పు చేశానమ్మా? ఓదార్చాను కదా." ఆయన మంచివాడు. ఆ పాట్‌లక్‌లో నేను నోరు మూసుకుని ఉంటే ఆయన అజ్ఞానం ఆయన దగ్గరే ఉండేది, ఆ తల్లి బతుకు ఆమె దగ్గర ఉండేది.

రెండు రోజులు దాచాను. ఉద్యోగం పోతుంది, ట్యూషన్ తగ్గింపు పోతుంది, వీసా పోతుంది అని ఒకదాని వెనక ఒకటి. కాసేపటికి అవి వెనక్కి పోయి, స్వీట్ బాక్స్ పట్టుకుని నిలబడ్డ ఆ తల్లి కనిపించేది. నేను ఆమె గొంతు తప్ప మొహం ఎరగను, అయినా కనిపించేది. మూడో రోజు డాక్టర్ రోలిన్స్ గదికి వెళ్ళి చెప్పాను. ఆవిడ అరవలేదు. ఒక పసుపు కాగితం తీసుకుని, నేను ఆ రోజు బయటపెట్టిన వివరాలు ఒక్కొక్కటీ చెప్పమన్నారు. రాసుకున్నారు. పదకొండు అయ్యాయి. ఎవరెవరు విన్నారో కూడా రాసుకున్నారు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి ఆ కాగితం మీద పెట్టారు.

"శనివారం పొద్దున వెళ్దాం. నువ్వు చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

నా బదులు మీరు చెప్పకూడదా అని అడిగాను. చెప్పగలనని, కానీ అప్పుడు ఆమె కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకి తెలియకుండా పోతుందని అన్నారు. దారంతా కారు వైపర్లు మంచు తోస్తున్నాయి. ఆమె ఏమంటారని ఒకచోట అడిగితే, "తెలియదు. మనం ఇద్దరం తెలియకుండానే వెళ్ళాలి" అన్నారు.

ఆ ఇల్లు ఎలా ఉందో రాయను. ఆ తల్లి మమ్మల్ని కూర్చోమంది, కాఫీ ఇచ్చింది. నేను చెప్పింది మొత్తం విన్నది. తను ఎనిమిదేళ్ళుగా ఆ బిల్డింగ్‌లో పనిచేస్తోందట. అక్కడ అందరికీ తను జోకులేసే మనిషిగా తెలుసట. "ఇంట్లో, చర్చిలో, వీధిలో, కోర్టులో, ఎక్కడికెళ్ళినా నేను ఆ అబ్బాయి తల్లిని. ఆ ఒక్క బిల్డింగ్‌లో మాత్రం కాను. ఆ పెద్దమనిషి మిఠాయి పట్టుకొచ్చి నిలబడ్డాడు. అందరూ చూశారు. ఏమైందని అడిగారు" అంది. గొంతు పెంచలేదు. తర్వాత నావైపు తిరిగింది.

"వాళ్ళు నమ్మాలని చెప్పానన్నావు. నమ్మారా?"

నమ్మారన్నాను.

"నన్ను ఒక్కమాట అడగకుండా నాచేత సాక్ష్యం చెప్పించావన్నమాట."

డాక్టర్ రోలిన్స్ ఏదైనా అంటారేమోనని చూశాను. చిన్నపిల్ల, కొత్త దేశం, మంచి ఉద్దేశంతోనే, ఇలా ఏదో ఒకటి. ఆవిడ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ తల్లి తన రికార్డింగ్ వెనక్కి కావాలంది. పుస్తకంలో ఒక్క ముక్క కూడా ఉండకూడదంది. ఆవిడ ఆ మాట పూర్తవగానే సరే అన్నారు. ఆలోచించుకోమని అడగలేదు, పేరు ఎలాగూ మారుస్తాం కదా అనలేదు, ఇరవై ఏళ్ళ పని అని ఎత్తలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆ తల్లి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, నా దగ్గర భద్రంగా ఉంటుందని మీకు చెప్పాను, ఉండలేదు, అన్నారు. తప్పు నాది. కానీ ఆవిడ తన మాట తప్పిందనే చెప్పుకున్నారు.

సోమవారం ఆఫీసులో ఆడియో ఫైలు, కాపీలు, ట్రాన్స్‌క్రిప్టు అన్నీ నా చేతే తీసేయించారు. తన నోటుబుక్కులోంచి పధ్నాలుగు పేజీలు కోసి, రాసిన అధ్యాయం ప్రింట్‌తో కలిపి కాగితాలు ముక్కలు చేసే మెషీన్లో వేశారు. అసలు రికార్డింగ్ మాత్రం ఒక కవర్లో పెట్టి ఆ తల్లికి పంపారు. ఇంకేమైనా మిగిలిందా అని అడిగారు. నాకు గుర్తున్నాయి, చాలావరకు వరసగా గుర్తున్నాయి, అన్నాను. ఆవిడ తలుపు దగ్గర ఆగిపోయారు. "నాకూ గుర్తున్నాయి. ఇక ఆ సంగతి మనిద్దరం చూసుకోవాలి" అన్నారు. ఉద్యోగంలోంచి తీసేస్తారని బ్యాగు సర్దుకునే వచ్చాను. ఆవిడ కోటు వేసుకుంటూ, "పద్దెనిమిదోది నీ ఫోల్డర్‌లో ఉంది. ఆయన కొంచెం గొణుగుతాడు, వాల్యూమ్ పెంచుకో" అన్నారు.

పుస్తకం మూడేళ్ళ తర్వాత వచ్చింది. మధ్య అధ్యాయం మిగతావాటిలో సగం కూడా లేదు. ఇది ఒకరి మాటల మీద నిలబడి ఉండేదని, వాళ్ళు వాటిని వెనక్కి తీసుకున్నారని, అది వాళ్ళ హక్కని, అందుకే ఇది పలచగా ఉందని మొదట్లో మూడు వాక్యాలు రాశారు. ఎందుకు తీసుకున్నారో రాయలేదు. ఒక సమీక్షలో ఆ అధ్యాయం బలహీనంగా ఉందని వస్తే ఆవిడకి ఫోన్ చేసి ఏడ్చాను. నిజమే కదా, బలహీనంగానే ఉంది, అనేసి మా అబ్బాయికి పళ్ళు వచ్చాయా అని అడిగారు.

ఆ అబ్బాయికి ఇప్పుడు ఐదేళ్ళు. మొన్న శనివారం మధ్యాహ్నం ఇండియన్ స్టోర్ నుంచి వస్తుంటే మా కారుని పోలీసులు ఆపారు. వెనక లైటు ఒకటి వెలగట్లేదట. ఆఫీసర్ కుర్రవాడు, మర్యాదగానే ఉన్నాడు. మా ఆయన రవి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. ఆఫీసర్ నాలుగు నిమిషాల్లో వార్నింగ్ ఇచ్చి పంపేశాడు. అంతే జరిగింది. కానీ ఆ నాలుగు నిమిషాలూ నా ఒళ్ళో కొత్తిమీర కట్ట నలిగిపోతూనే ఉంది. వెనక సీటులోంచి మావాడు, "నాన్న బ్యాడ్ చేశాడా? అమ్మా, నువ్వు ఎందుకు షేక్ అవుతున్నావ్?" అని అడిగాడు. 

సామాన్లు సర్దుతూ రవి అడిగాడు. "నువ్వు అన్ని ఇంటర్వ్యూలు విన్నావు కదా. ఆ తల్లులు పిల్లలకి ఏం చెప్తారు? మనం వీడికి ఏం చెప్పాలి?"

నాకు తెలుసు. ఐదేళ్ళ పిల్లాడికి భయం పెట్టకుండా, అబద్ధం చెప్పకుండా ఏం చెప్పాలో పదిహేడో రికార్డింగ్‌లో ఉంది. నాలుగు వాక్యాలు. ఆమె గొంతుతో సహా, ఆగిన చోట్లతో సహా నా నోటి దాకా వచ్చాయి. ఇంతకన్నా మంచి మాటలు నేను ఇంకెక్కడా వినలేదు. మా పిల్లాడి కోసమే కదా, నలుగురిలో కాదు కదా, మా వంటింట్లో కదా. ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తెలుసు కానీ చెప్పను" అన్నాను.

"నాకు కూడానా?"

"నీకు కూడా."

రవికి ఆ పాత కథ కొంత తెలుసు. పాల డబ్బా నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టాడు. నేను వెళ్ళి మావాడి పక్కన కార్పెట్ మీద కూర్చుని, నాన్న తప్పు చేయలేదని, లైటు పాడైందని, నాకు మాత్రం భయం వేసిందని, ఎందుకు వేసిందో వాడికి కొంచెం కొంచెంగా చెప్తానని నాకొచ్చిన మాటల్లో చెప్పాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, చాలా అతుకులు. వాడు ఇంకో మూడు ప్రశ్నలడిగాడు.  ఆ తల్లి నాలుగు వాక్యాలు దీనికన్నా ఎంతో బాగుంటాయి. అవి ఆమె తన కొడుకు కోసం వెతుక్కున్నవి, వెనక్కి అడిగి తీసుకున్నవి.

డాక్టర్ రోలిన్స్ పోయాక వాటిని మోస్తున్నదాన్ని నేనొక్కదాన్నే. ఇది రాశాక మూడుసార్లు చదువుకున్నాను. ఆమె చేసే పని తెలిసిపోయే మాట ఒకటి కనిపిస్తే తీసేశాను. ఆ ఇంటి గుమ్మం గురించి ఒక వాక్యం ఉంటే అదీ తీసేశాను. ఇంకా ఏమైనా మిగిలిందేమోనని భయంగానే ఉంది, పొద్దున వెలుతురులో ఇంకోసారి చూస్తాను. ఆమె నాతో అన్న మాటలు రాశాను, అవి నా తప్పు గురించి అన్నవి కాబట్టి. కొడుకుతో అన్నవి రాయలేదు.